నల్లి మందు పేరు

హలో… ఆఁ, నేనేలే వదినా, చెప్పు… ఇంకెవరెత్తుతారు, ఇంట్లో ఉన్నదల్లా నేనూ, ఉయ్యాల్లో నీ మనవరాలూను… మెల్లగా మాట్లాడు, ఇప్పుడే కళ్లు మూసింది… ఆ… ఆ… చేరారా ఆస్పత్రికి… మంచం ఇచ్చారా మరి?… పోనీలే, కిటికీ పక్కనైతే కాస్త గాలి ఆడుతుంది.

మీ పిల్లకెలా ఉంది?

…

అయ్యో… ఇంకా వణుకుతూనే ఉందా… చేతులేనా, ఒళ్లంతానా?… ఫిట్సా… వ్యానులో ఒకసారి, అక్కడ దింపాక ఇంకోసారి… నాలుక కొరుక్కుందా… అయ్యయ్యో.

ఏడవకు వదినా. ఏడుస్తూ మాట్లాడితే నాకొక్క ముక్క అర్థం కాదు. ముక్కు తుడుచుకుని నింపాదిగా చెప్పు, నేనెక్కడికీ పోను. గులాబీలు ముందేసుకుని కూర్చున్నాను, కాడలకు ముళ్లు గీకుతూ. రేపు తెల్లారేసరికి బండెక్కాలి ఇవన్నీ. మీ అమ్మాయే ఉంటే ఈపాటికి సగం అయిపోయేవి. చెయ్యి చురుకు దానిది. ఆ మాట నేనెవరి ముందైనా అంటాను, దాచుకోను.

ఊఁ… ఊఁ…

ఏ మందు?…

మందు పేరా… డాక్టరమ్మ అడుగుతోందా… ఎందుకట పేరు?…

…ఒక్కో మందుకు ఒక్కో రకం వైద్యమా… పేరు తెలియకుండా సూది వేస్తే ఎదురు తిరుగుతుందా… అబ్బో, చాలా ఉందే ఇందులో. నల్లి మందని చెప్పకపోయావూ… చెప్పావా… నల్లి మందులు కొల్లలంటోందా… అదీ నిజమే. కొట్టులో అరల నిండా అవే. గులాబీకి నల్లి పట్టిందంటే ఇక అంతే కదా వదినా, ఆకు అడుగున ఎర్ర ఇసుక చల్లినట్టు ఉంటుంది, ఏదో దుమ్ములే అనుకుంటాం, తీరా చూస్తే దుమ్ము నడుస్తుంటుంది. పైన బూజు అల్లి పెడుతుంది. ఇంకేముంది, మొగ్గ మాడిపోతుంది…

ఆ, వస్తున్నా, వస్తున్నా సంగతికే వస్తున్నా.

సీసా ఇక్కడే ఉంది. కిటికీ గూట్లో, నా ఎదురుగానే. ఎండ పడి ఎర్రగా మెరుస్తోంది, చిక్కటి తేనెలాగా. చూడ్డానికి ఎంత బాగుంటుందో… మూత తీస్తే మాత్రం కోసి ఆరబెట్టిన గడ్డి వాసన. నీళ్లలో పోశావనుకో, తెల్లగా పాలల్లే అయిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేనే ఆశ్చర్యపోయాను…

చదవమంటావా…

నాకెక్కడ చదువొచ్చు వదినా. నీకు తెలియందేముంది. మా నాన్న నన్ను బడికి పంపింది అన్నయ్యకు క్యారియర్ ఇచ్చి రావడానికే. గుమ్మం దగ్గర నుంచుని ఇచ్చేసి వచ్చేదాన్ని. బల్ల మీద కూర్చున్న పాపాన పోలేదు.

ఫోటోనా… నా ఫోనుకు ఆ కన్ను లేదమ్మా. దీనికి చెవీ నోరూ ఉన్నాయి, అంతే.

మావాడా… వాడు గులాబీల షెడ్డులో ఉన్నాడు. వాడి ఫోను మోగితే ఎత్తడు, నువ్వు చేస్తూనే ఉన్నావుగా… అది కాదు వదినా, తప్పుగా అనుకోకు. మొగుడై ఉండి వెంట రాలేదని నీకు గుచ్చుకుంటుంది, నేనర్థం చేసుకోగలను. కానీ పిల్ల సగం షెడ్డుకు మందు కొట్టి సగం వదిలేసి పడిపోయింది. నల్లి ఆగుతుందా? ఈ సగం నుంచి ఆ సగానికి పాకుతుంది. వాడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు పొద్దుట్నుంచీ. వస్తాడు. కొట్టడం అయ్యాక స్నానం చేసి వస్తాడు.

పిలవనా?… పిలుస్తాను… నా మోకాళ్లు కదలొద్దూ. ఉయ్యాల తాడు కాలి వేలికి కట్టుకున్నాను. లేస్తే బుజ్జిది లేస్తుంది. ఇప్పుడే కదా కునుకు తీసింది.

ఆ వ్యానువాణ్ణి పంపుతావా, సీసా తీసుకెళ్లడానికి… పంపు. దారి తెలుసుగా. రావడం ఎంతసేపు, మళ్లీ పోవడం ఎంతసేపు, అది నువ్వు చూసుకో. నేను వద్దనను.

…

ఏమిటీ, మళ్లీనా… ఎవరు పట్టుకున్నారు… ఊఁ… తగ్గిందా… తగ్గిందిలే. అలా వస్తుంది, పోతుంది. ఒళ్లంతా బిగదీస్తుంది, తర్వాత వదిలేస్తుంది. కొట్టాయన చెప్పాడు. ఇది ఒంట్లోకి దిగితే నరాల మీదికి పోతుందట.

…

ఆ, మందుల కొట్టాయనే. చాలా చెప్పాడు. నాకు చదువు రాదు గానీ ఒకసారి చెవిన పడ్డదాన్ని మరిచిపోను వదినా, అది నీకు తెలుసు. మన పిల్లల పెళ్లినాడు నువ్వు ఏ రంగు కట్టావో, మీ ఆడపడుచు ఎవరితో ఏమన్నదో, అన్నీ చెప్పమంటే చెప్తాను. ఆయన సీసా నా చేతికిస్తూ ఏమన్నాడో తెలుసా. "పెద్దమ్మా, ఇది క్లోరిన్ కలిసిన జాతి. నీళ్లకు లొంగదు. కొవ్వు కనిపిస్తే చాలు, అందులో దూరి కూర్చుంటుంది. వెన్న, నూనె, మన ఒంట్లో కొవ్వు, ఏదైనా సరే. ఒకసారి చేరిందంటే కదలదు. మట్టిలో పడ్డా నెలల తరబడి అక్కడే. సబ్బుకు వదులుతుంది, చాకలి సోడాకు విరిగిపోతుంది. కాలవలో పారబోయకు, చేపలు తేలతాయి. పిల్లల గదిలో పెట్టకు. గాలికి ఎదురు కొట్టకు. కొట్టాక తినబోయే ముందు ముంజేతుల దాకా కడుక్కో" అని. అక్షరం పొల్లుపోకుండా చెప్పానా?

…

పేరూ చెప్పే ఉంటాడు. చెప్పకుండా ఇస్తాడా.

…జ్ఞాపకం చేసుకోవాలి వదినా. అలా తరిమితే వచ్చేది కూడా పోతుంది. నా బుర్ర నీ బుర్రలా పడుచుదా?

ఇంకో మాట చెప్పు. మొన్న నువ్వొచ్చినప్పుడు మూతి ముడుచుకుని పోయావు, గుర్తుందా… గుర్తుండకేం. పిల్లకు వేరే కంచం పెట్టానని, వసారాలో పడుకోబెట్టానని. "నా కూతురేం అంటుజబ్బు మనిషా" అన్నావు. అన్నావా లేదా?… నేనేమైనా అన్నానా తిరిగి? నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తెలిసిందా మరి ఎందుకో? మందు కొట్టే మనిషి వదినా అది. దాని బట్టలు మా బట్టల్లో కలిపితే మాకంటుతుంది. దాని కంచం సోడాతో నేనే తోమేదాన్ని, నా చేత్తో, ఈ వయసులో. దాని దువ్వెన వేరు, తువ్వాలు వేరు, సబ్బు వేరు. వంటగది గడప లోపలికి రానివ్వలేదు. కొట్టాయన చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. మా ఇంట్లో ఒక్కరికి తలనొప్పి రాలేదంటే అది ఊరికే వచ్చిందా?

…

పాలు మాన్పించానంటావా… మాన్పించాను. ఎందుకు మాన్పించాను? ఇది కొవ్వులో దాక్కుంటుందన్నాక తల్లిపాలలోకి రాదా? వస్తుందట, ఆయనే చెప్పాడు. తెలిసి తెలిసి నా మనవరాలి నోట్లో పోయిస్తానా? కూర్చోబెట్టి చెప్పాను పిల్లకు, మెత్తగానే చెప్పాను. నోట్లో నాలుక లేనిది కదా, తల వంచుకుని ఊఁ అంది. రాత్రిళ్లు వసారాలో పాలు కారి రవిక తడుపుకుని ఏడ్చేది. గోడకవతల నాకు వినపడేది. నేను మాత్రం రాతి మనిషినా? కానీ ఏం చేస్తాం, పసిదాని సంగతి చూడాలి కదా. ఇప్పుడు సీసా పాలకు అలవాటు పడిపోయింది. తల్లి కనపడినా చేతులు చాచడం లేదు. అంత బంగారుతల్లి.

…

ఏంటి?… మందు కొట్టడమే మాన్పించొచ్చుగా, అంటావా.

ఎవరు కొడతారు మరి? నేను కొట్టనా, ఈ నడుముతో? వాడికి ఒక్క మగపిల్లాడైనా లేడే ఇంకా. ఆ మందు మగాడి ఒంట్లో చేరితే పిల్లలు పుట్టరేమోనని నా భయం నాది. మీ అమ్మాయికైతే ఒక కాన్పయిపోయింది. అన్నీ ఆలోచించే చేశాను వదినా. ఇంటి పెద్దన్నాక అన్ని వైపులా చూసుకోవాలి. ఒక్కరి మొహం చూస్తే కుదురుతుందా?

…

ఉన్నాను… ఉన్నాను లైన్లోనే. ఒక ముల్లు దిగింది వేలికి, అదీ. మాట్లాడుతూ గీకితే ఇంతే.

డాక్టరమ్మ ఏమంటోంది?… అవును, వింటున్నాను… తొందరగా అంటోందా.

సరే. నీతో ఒక మాట ఉంది. అదయ్యాక జ్ఞాపకం వస్తుందేమో చూద్దాం.

పొద్దున గేటు దగ్గర ఏమన్నావు వదినా?

…

అన్నావు. నలుగురూ చూస్తున్నారు. పక్కింటావిడ పిట్టగోడ మీద నుంచి మెడ సాచి మరీ వింటోంది. బండివాడు బండి ఆపేసుకుని వింటున్నాడు. పూలు కొనే మనిషి కూడా అప్పుడే వచ్చాడు. వాళ్లందరి ముందూ నా మొహం మీద వేలు పెట్టి అన్నావు. "నా బిడ్డ చేతికి ఒక గ్లౌజైనా ఇవ్వకుండా పంపారు, మీరే చంపుతున్నారు" అని. నేను నీకు కబురు పెట్టిన మనిషిని. పిల్ల పడిపోతే నీళ్లు చల్లి, నీడకు ఈడ్పించి, మొదట నీకే ఫోను చేసిన మనిషిని. కన్నవాళ్లు చూసుకుంటే ఆ తృప్తి వేరు కదా అని మీరొచ్చేదాకా ఎక్కడికీ కదలనివ్వకుండా కాపలా కూర్చున్నాను. దానికి నాకు దక్కిన మర్యాద అది.

నాకు ఒంటి మీద పేడనీళ్లు పోసినట్టయింది వదినా.

…

క్షమించడాలు నాకొద్దు. కాళ్లు పట్టుకోవడం అసలొద్దు, ఫోనులో కాళ్లెలా పట్టుకుంటావు… నవ్వు రావడం లేదా? నాకు వచ్చింది.

ఒకటే అడుగుతాను. డాక్టరమ్మ పక్కనే ఉందా?… ఆవిడకు చెప్పు. నాకు వినపడేటట్టు చెప్పు. "గ్లౌజులు ఇచ్చారు, మా అమ్మాయే వేసుకోలేదు" అని. అంతే. ఇంకేం అడగను. రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఆవిడ మాటకు విలువుంటుంది, నా మాటకేముంటుంది.

…

అబద్ధమని నీకెలా తెలుసు? నువ్వు చూశావా, ఇచ్చానో లేదో? ఇచ్చాను. "గులాబీ కొమ్మ పట్టు తెలియడం లేదు అత్తయ్యా" అని విసిరేసింది. ముక్కు మీద కోపం దానికి. బయటికి కనపడదు.

…

చెప్పకపోతే చెప్పకు. బలవంతమా ఏం? వ్యానువాడు బయల్దేరాడుగా, వస్తాడు, సీసా ఇస్తాను, తీసుకొస్తాడు. అప్పటిదాకా డాక్టరమ్మ తనకు తోచిందేదో చేస్తుంది. చదువుకున్న మనిషి కదా.

…

మళ్లీ వచ్చిందా… ఈసారి కళ్లు పైకి పోయాయా… ఊఁ…

ఉన్నాను వదినా, నేనెక్కడికి పోతాను. బుజ్జిదాని దుప్పటి జారితే సర్దుతున్నాను. దీనికీ మీ అమ్మాయి నుదురే వచ్చింది. వెడల్పు నుదురు. ఆ నుదురు చూసే కదా నేను సరే అన్నాను పెళ్లిచూపుల్లో, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

…

చెప్తావా… మంచిది. ఫోను పక్కకు తీయకు. అలాగే పట్టుకుని చెప్పు.

…

వినపడలేదు. ఏడుపు ఆపి చెప్పు.

…

"వేసుకోలేదు" అంటే ఎలా, లేక వేసుకోలేదో ఉండి వేసుకోలేదో ఎవరికి తెలుస్తుంది? "ఇచ్చినా" అను. "వాళ్లు ఇచ్చినా మా అమ్మాయే వేసుకోలేదు."

…

ఆ. అదీ. అంత చిన్న మాటకు ఇంతసేపు చేశావు.

రాసుకో… కాగితం లేకపోతే నోటితోనే చెప్పు ఆవిడకు. డైకోఫాల్. డై-కో-ఫాల్… అవును. ఎర్రనల్లికి ఇచ్చేది, పాతకాలం మందు. ఇప్పుడు చాలాచోట్ల అమ్మడం లేదట, ఆయన దగ్గర అడుగున మిగిలిపోయింది ఇచ్చాడు. నాకు మొదటి రోజు నుంచీ నోటికి వచ్చు. పిల్లికి పెట్టే పేరల్లే ఉందని నవ్వుకునేవాళ్లం కూడా, నేనూ వాడూ.

చెప్పావా… ఏమంటోంది?…

అవును, అలాంటిదానికి విరుగుడు మందంటూ లేదట. కొట్టాయన అదీ చెప్పాడు. ఫిట్స్ ఆపుతూ కూర్చోవడమే. పిల్ల ఒంట్లో బలం ఎంతుంటే అంత.

…

ఏమడుగుతోంది?… ఒంటి మీద పడిందా, కడుపులోకి పోయిందా… రెండూనని చెప్పు. వీపుకు తగిలించుకునే డబ్బా వాషరు అరిగిపోయింది. వాడు మారుద్దామన్నాడు, ఈ పూటకు నడుస్తుందిలే అన్నాను నేను. కారి వీపంతా తడిసేది పాపం, చెమటే అనుకునేది. ఇక నాజిల్‌కు నలుసు అడ్డం పడితే నోట్లో పెట్టుకుని ఊదేది. మేమందరం అలాగే ఊదేవాళ్లం, నేనే నేర్పాను. ఊదినప్పుడు కాస్త లోపలికి పోతుంది. పోకుండా ఉంటుందా?… పొద్దున కూడా ఊదింది. గుక్కెడు పడింది లోపలికి, దగ్గింది.

…

బట్టలు… తీసేశారా నర్సులు. మంచి పని. తీసి ఎక్కడ పెట్టారు?… నీ ఒళ్లోనా… అయ్యో, మూట కట్టుకుని ఒళ్లో పెట్టుకు కూర్చున్నావా ఇంతసేపు? దింపు దింపు. దూరంగా పెట్టి సబ్బుతో కడుక్కో. నీకూ అంటుతుంది వదినా, నిన్ను చూసేవాళ్లెవరున్నారు మళ్లీ.

…ఎందుకు చెప్పలేదంటే, గేటు దగ్గర అంతమంది మగాళ్లుంటే ఆడపిల్లను బట్టలు విప్పమంటానా? మీ పరువు కాకపోయినా నా పరువు ఉంది కదా.

…

ఇంకేమడుగుతోంది?…

తినడానికి తాగడానికి ఏమైనా ఇచ్చారా, అనా… నీకు తెలుసుగా.

నువ్వే ఇచ్చావు వదినా. మరిచిపోయావా? పాలు. విషానికి పాలు విరుగుడని నువ్వే అన్నావు, "ఒక గ్లాసుడు పాలివ్వండి" అని గేటు పట్టుకుని అడిగావు.

…

అవును. నేనే తెచ్చాను లోపల్నుంచి. మీగడ తీయకుండా తెచ్చాను. వెన్న ముద్ద ఉంటే అదీ వేశాను. నువ్వు దాని తల పట్టుకుని తాగించావు. చివరి చుక్కదాకా తాగింది, పిచ్చిది. నీ చెయ్యి కదా.

…

తెలుసు.

…తెలుసన్నానుగా. కొవ్వు తగిలితే ఒంట్లోకి ఇంకా త్వరగా పీల్చుకుంటుంది. పాలు, నూనె దగ్గరికి రానివ్వొద్దనే చెప్పాడాయన. కానీ నువ్వడిగాక కాదంటే పక్కింటావిడ ఏమనుకుంటుంది? "చావు బతుకుల్లో ఉన్న కోడలికి గ్లాసుడు పాలకు ఏడ్చింది" అనదూ? నువ్వు ముందే నా పరువు తీసి గేటుకు కట్టావు. అప్పుడు నేను నోరు విప్పితే ఎవరు నమ్ముతారు? అందుకే నాకెందుకని ఊరుకున్నాను. అడిగిన దానికి లేదనని చెయ్యి నాది. మా అత్తగారు కూడా అదే అనేది, దీని చేత్తో లేదన్న మాట రాదు అని.

…

వదినా?… ఆ చప్పుడేంటి? నీ చెయ్యి గోడకేసి కొట్టుకుంటే ఏమొస్తుంది, ఆపు.

…

బుజ్జిదాన్నా… అక్కడికా? తల్లికి చూపించడానికా?… ఎలా పంపుతాను వదినా, ఆ గదిలోకి పసిదాన్ని? ఆ ఒంటి నిండా మందు. తగ్గాక చూస్తుందిలే. తగ్గితే.

అదిగో, వాడొచ్చాడు… ఉండు, ఉండు, పెట్టేయకు… నువ్వే పెట్టేసుకో పోనీ, నా చేతులకు గులాబీ జిగురుంది, ఇది బల్ల మీద పెడుతున్నాను…

ఒరే నాన్నా, ఇలా రా… అరవకు, నిద్రపోతోంది… మీ అత్తగారే. ఆ, బాగానే చూస్తున్నారట… నువ్వు వెళ్లి చేసేదేముందిరా, నువ్వేమైనా డాక్టరువా?… డబ్బా నింపావా… వాషరు మార్చావా… కొత్తది వేశాకే తగిలించుకో. నాజిల్ నోట్లో పెట్టుకోకు, పుల్లతో పొడు. చొక్కా మీద చొక్కా వేసుకో…

ఒరే, ఒరే, ఉత్త చేతుల్తో ముట్టుకోకురా సీసాని. ఆగు. నా బీరువా తెరువు… తాళం నా దిండు కింద… కింది అరలో, దుప్పట్ల మధ్య చూడు… కవరుంది చూడు… అదే. గ్లౌజులు. ముక్కుకు కట్టుకునేది కూడా అందులోనే ఉంది… చింపు, పంటితో చింపు, కవరు విప్పనే లేదు ఇంతవరకూ… ఆవేళ కొట్టాయన సీసాతో పాటే ఇచ్చాడు, ఊరికే… దానికిద్దామనే అనుకున్నాను మొదట, దాని చేతులు ఎలాగూ ముళ్లకు మొద్దుబారి ఉన్నాయి, దానికెందుకులే అనిపించింది. నీకెప్పుడైనా అవసరం పడుతుందేమోనని దాచాను. తల్లికి కాక ఎవరికి తడుతుందిరా… సరిపోయాయా… వేళ్లు బాగా పట్టాయా… అబ్బ, ఎంత బాగున్నాయో. వెళ్లు, గాలి అటు తిరగకముందే కొట్టెయ్… గుమ్మంలో నిలబడతావేం, వెళ్లు.

…

హలో?

పెట్టేయలేదా వదినా… ఎంతసేపట్నుంచి… అది… అవి పూలు కోసేటప్పుడు వేసుకునేవి, అవి వేరు. మీ అమ్మాయికి ఇచ్చినవి వేరు. అవి చిరిగిపోయాయి. చిరిగిపోతే…

…

ఏమన్నావు?

…

నన్నా? ఇన్నేళ్లుగా మీరు మీరు అన్న దానివి, ఈవేళ నన్ను నువ్వంటావా? నేను మీ అల్లుడి తల్లిని. మర్యాద…

హలో… అక్కడేంటా అరుపులు… వదినా… ఎవరు పరిగెడుతున్నారు… ఫోను ఎవరి చేతిలో ఉంది… హలో… ఎవరమ్మా నువ్వు… నర్సువా… ఆ, అత్తగారినే… ఆవిడకివ్వు ఫోను… ఎందుకు మాట్లాడలేకపోతోంది?…

…

ఊఁ.

…

ఎప్పుడు?… ఇప్పుడేనా.

…

సరేనమ్మా… ఆ… వస్తాడు. చెప్తాను. పని మీద ఉన్నాడు, చెప్తాను… ఆవిడ పక్కన ఎవరైనా కూర్చోండి. పాపం ఒక్కతే కూతురు… సరే… ఉంటాను.

…

ఏం లేదురా, నువ్వింకా పోలేదా? మీ అత్తగారే మళ్లీ… నిద్రపోతోందట. లేపొద్దన్నారట… తర్వాత చెప్తాను, ముందు ఆ సగం షెడ్డు కొట్టేసిరా. తొడుగులు తీయకు మధ్యలో… ఇదిగో, ఈ ఫోను పట్టుకుపోయి ఆ చార్జింగులో పెట్టు… వద్దు, వద్దు, నువ్వు ముట్టుకోకు, చేతులకు అవి ఉన్నాయి కదా. నేనే పెడతాను.